జహియ్యా అత్త ఓటు

దైర్ సఫ్రా
ఏప్రిల్ 11

ఇన్సాఫ్ అక్కకి,

నఖ్లే రాస్తున్నాను. కాగితం చూసి కంగారు పడకు, ఎవరికీ ఏమీ కాలేదు. ఫోన్ ఉండగా ఉత్తరమెందుకంటావా? మన షల్హూబ్ కుటుంబం వాట్సాప్ గ్రూపు మొన్న రెండు ముక్కలైంది. గద్ద పార్టీ వాళ్ళదొకటి, దివిటీ పార్టీ వాళ్ళదొకటి. ఇద్దరినీ కలుపుదామని మన ఇల్యాస్ బావ మూడో గ్రూపు పెడితే, రెండు వైపుల వాళ్ళూ అందులోకి వచ్చి ఆయన్నే తిట్టి బయటికి పోయారు. ఇప్పుడు ఒకరికి పంపిన మాట అరగంటలో ఫొటో అయి ఇంకొకరికి చేరుతోంది. బూ తన్నూస్‌కి రోడ్డు మీద గుంతలు తప్ప ఇంకేవీ పట్టవు. అందుకే ఇది అతని వ్యాన్లో వస్తోంది.

సంగతి చెబుతాను. ఎన్నికలు మే పదిహేనున. మన కఫర్ దౌరాలో రెండో పెట్టె మన కుటుంబం ఆడవాళ్ళది. జాబితాలో ముప్పై ఏడు పేర్లు. ఆ ముప్పై ఏడూ గద్దకే పడతాయని నేను ఎద్గార్‌కి మాట ఇచ్చాను. ఎద్గార్ ఎవరో నీకు చెప్పాలా, మన వైపు గద్ద పార్టీ పనులన్నీ చూసేది అతనే. 'నఖ్లే, మీ కుటుంబానికి తాళంచెవివి నువ్వు. తలుపు తియ్యి, మిగతాది మేం చూస్కుంటాం' అన్నాడు.

నేను వాళ్ళ మనిషిని కానని నీకు తెలుసు. వీళ్ళ ఉపన్యాసం వింటే వాళ్ళు నయమనిపిస్తుంది, వాళ్ళది వింటే వీళ్ళే నయమనిపిస్తుంది. కానీ జనన మరణాల ఆఫీసులో నేను గుమాస్తాగా చేరి పందొమ్మిదేళ్ళయింది, ఇప్పటికీ టెంపరరీనే. ప్రతి జనవరిలో ఎంపీ గారి చీటీ వస్తే ఇంకో ఏడాది ఉంటాను, రాకపోతే ఇంటికే. ఈసారి ముప్పై ఏడు ఓట్లూ పడితే పర్మనెంట్ చేస్తామన్నారు. పర్మనెంట్ అంటే పింఛను, అక్కా. మా ఆవిడ సామియాకి మోకాలి ఆపరేషన్ అంటే, ఆసుపత్రి గుమ్మం దగ్గర ఎవరి పేరూ చెప్పక్కర్లేకుండా లోపలికి వెళ్ళొచ్చు.

ఇంకో చిన్న విషయం. జహియ్యా అత్త గుర్తింపు కార్డు నీ అల్మారాలో ఉంటుంది కదా. ఎద్గార్ మనిషి ఎవరైనా వస్తే ఇవ్వు. ఎందుకని అడగకు.

పిల్లలు నీకు ముద్దులు పంపారు.

నీ తమ్ముడు
నఖ్లే


కఫర్ దౌరా
ఏప్రిల్ 15

ఒరేయ్ నఖ్లే,

ఎందుకని అడగొద్దన్నావు కాబట్టి ముందు అదే అడుగుతున్నాను. అత్త పోయి పద్నాలుగు నెలలైంది. శవపేటిక ఒక కొస నువ్వే మోశావు. ఊరిపెద్ద ముఖ్తార్ సంతకం పెట్టిన మరణ పత్రం వారం తిరగకుండా నేనే నీ చేతికిచ్చాను, 'మీ ఆఫీసే కదా, రాయించెయ్' అని. మరి జాబితాలో ముప్పై ఏడెలా అయ్యాయి? నా లెక్కకి ముప్పై ఆరే. ముప్పై ఒక్క ఏళ్ళు పిల్లలకి కూడికలు నేర్పాను, ఆ మాత్రం నాకు వస్తుంది.

ఊరి సంగతులు విను. రొట్టెల కొట్టు కూడా రెండైంది. గద్ద వాళ్ళు పైవీధిలో కొంటారు, దివిటీ వాళ్ళు కిందివీధిలో. పిండి మాత్రం ఇద్దరికీ ఒకే లారీలో వస్తోంది. నేను ఒక రోజు పైన, ఒక రోజు కింద కొంటున్నాను. అందుకని రెండు కొట్ల వాళ్ళూ నాకు నిన్నటి రొట్టె ఇస్తున్నారు. గోడల మీద ఎక్కడ చూసినా పోస్టర్లే. నువ్వు గుర్తుపట్టే ముఖం ఒకటి రెండు వైపులా ఉంది. జుర్జీది.

ఆ పోస్టర్ చూసినప్పుడల్లా నాకు కడుపు మండుతుంది. అత్తకి నిశ్చితార్థమైన మనిషి. అంతర్యుద్ధంలో పిండి బస్తాలు వేసుకుని వస్తుంటే వంతెన దగ్గర కాల్చేశారు. ఎవరు కాల్చారో నలభై ఏళ్ళుగా ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు గద్ద వాళ్ళు 'మా అమరవీరుడు' అంటారు, దివిటీ వాళ్ళు 'మా అమరవీరుడు' అంటారు. బతికున్నప్పుడు అతనికి ఏ పార్టీ లేదు, ఒక లారీ, ఒక అత్త, అంతే.

ప్రతి ఎన్నికకీ రెండు పార్టీల వాళ్ళూ అత్త ఇంటికొచ్చేవాళ్ళు, గుర్తుందా? కాఫీ ఇచ్చి ఒకటే అడిగేది. 'జుర్జీని చంపింది మీరా, వాళ్ళా? అది చెప్పండి, ఓటు తర్వాత చూద్దాం.' వీళ్ళు వాళ్ళంటారు, వాళ్ళు వీళ్ళంటారు. అత్త కప్పులు కడిగేసుకునేది. జీవితంలో ఒక్కసారి కూడా ఓటు వేయలేదు. నిన్ను కని అమ్మ పోతే, పెళ్ళి మాటే ఎత్తకుండా నిన్నూ నన్నూ పెంచిన మనిషి. ఆమె కార్డు ఎద్గార్ మనుషుల చేతికివ్వమంటున్నావు.

ఇవ్వను. నా దగ్గరే ఉంటుంది. ఏం చేయాలో నేను చూసుకుంటాను. మిగతా ఆడవాళ్ళతో మాట్లాడతాను. వాళ్ళకి పార్టీ మీద ప్రేమ లేదు గానీ, నీ మీద ఉంది. నీ పేరు చెబితే చాలు.

వ్యాన్లో ఒక సీసా ఆలివ్ నూనె, రొట్టె మీద చల్లుకునే జాతర్ పొడి పంపుతున్నాను. బూ తన్నూస్ నూనె రుచి చూస్తానంటే చూడనివ్వకు.

అక్క
ఇన్సాఫ్


దైర్ సఫ్రా
మే 20

అక్కా,

ముప్పై ఆరు గద్దకి. ఒకటి తెల్ల కాగితం.

ఆ తెల్ల కాగితం ఎవరిదక్కా?

ఎంపీ గారు గెలిచారు, నాలుగు వేల మెజారిటీ. ఆ ఒక్క ఓటు లేకపోయినా ఆయనకి పోయిందేమీ లేదు. కానీ ఎద్గార్ పొద్దున్నే మా ఆఫీసుకొచ్చాడు. కుర్చీలో కూర్చోలేదు. నా బల్ల మీద కూర్చున్నాడు. 'దివిటీకి పడినా ఇంత బాధుండేది కాదు నఖ్లే. శత్రువు శత్రువే. వాడికి మేమేంటో తెలుసు, మాకు వాడేంటో తెలుసు. ఈ తెల్ల కాగితమేంటి? అంటే మేమిద్దరం ఒకటేనని కదా అర్థం! పేరు చెప్పు, నీ ఫైలు కదుల్తుంది' అన్నాడు.

అతనికి అంత కోపం నేనెప్పుడూ చూడలేదు. యుద్ధంలో ఎదుటి పార్టీ వాళ్ళు వాళ్ళన్నయ్యని ఎత్తుకుపోయినప్పుడు కూడా ఇంత కోపగించుకోలేదని ఊళ్ళో అంటారు.

జహియ్యా అత్త ఓటు కూడా పడిందని చెప్పాడు. ఎవరు వేశారో నేనడగను. దాన్ని వదిలేయ్. ముప్పై ఆరు మంది బతికున్నవాళ్ళలో ఒకరు. నువ్వు అక్కడే ఉన్నావు, అందరి ముఖాలూ చూశావు. టీచరువి, ఎవరు కాపీ కొట్టారో బెంచీ చూసి చెప్పేదానివి. ఒక్క పేరు.

సామియాకి ఇవేవీ చెప్పలేదు. తను పర్మనెంట్ అయిపోయినట్టే అనుకుని కొత్త తెరలు కొంది.

నఖ్లే


కఫర్ దౌరా
మే 26

నఖ్లే,

తెరలు బాగున్నాయా? ఏ రంగు? ఈ రోజుల్లో రంగు చూసి కొనమను. పచ్చవైతే గద్ద అంటారు, ఎర్రవైతే దివిటీ అంటారు.

లెక్కింపు రోజు సంగతి చెబుతాను విను. బడిలో, నా మూడో తరగతి గదిలోనే పెట్టారు. అధికారి ఒక్కో కాగితం పైకెత్తి చూపించి చదివాడు. గద్ద. గద్ద. గద్ద. హాజరు పలికినట్టు. ఇరవై తొమ్మిదోది ఎత్తి ఆగిపోయాడు. తిప్పి చూశాడు. వెనక వైపు కూడా చూశాడు. 'ఖాళీ' అన్నాడు. దివిటీ పార్టీ ఏజెంటు మార్సెల్ చప్పట్లు కొట్టింది. గద్ద ఏజెంటు ఏదో చచ్చిన ఎలకని చూసినట్టు దగ్గరికొచ్చి చూశాడు. ముప్పై ఒక్క ఏళ్ళు ఆ గదిలో జవాబు పత్రాలు దిద్దాను. రాకపోతే ఏదో ఒకటి బరికేసే పిల్లల మధ్య, ఏమీ రాయకుండా ఇచ్చిన పిల్ల మీద నాకెప్పుడూ కోపం రాలేదు.

ఇక అప్పటి నుంచి ఊరికి వేరే పని లేదు. ముగ్గురు ఆడవాళ్ళు అడక్కుండానే చర్చిలో మరియమ్మ పటం మీద చెయ్యేసి ప్రమాణం చేశారు. అడక్కుండా చేశారు కాబట్టి ఇప్పుడు వాళ్ళ మీదే అనుమానం. పీటరు భార్య ప్రమాణం చేయలేదు కాబట్టి ఆమె మీదా అనుమానం. మన పిన్ని కొడుకు భార్య వర్దే ఉంది కదా, భర్త పోయాక జున్ను చేసి అమ్ముకుంటోంది, ఆమె మీద అందరికంటే ఎక్కువ. ఆమె అన్న దివిటీలో ఉన్నాడట. మరి అన్న దివిటీ అయితే ఆమె దివిటీకే వేయాలి కదా, తెల్ల కాగితం ఎందుకేస్తుంది? ఈ మాట అంటే, 'అదే తెలివి!' అంటున్నారు.

నువ్వు పేరు అడిగావు. పేరు చెప్పలేను. ఆ ఉద్యోగం లేకపోతే నీకెంత కష్టమో నాకు తెలుసు. ఈ పది రోజుల్లో ఒక్క పూట కూడా సరిగ్గా తినలేదు. కొంచెం ఆగు. జనం మరిచిపోతారు.

ఇన్సాఫ్


దైర్ సఫ్రా
జూన్ 9

అక్కా,

ఎద్గార్ మళ్ళీ వచ్చాడు. ఈసారి ఫైలు చేతిలో పట్టుకొచ్చాడు. నా పేరు దాని మీద టైపు చేసి ఉంది. పందొమ్మిదేళ్ళలో నా పేరు టైపులో చూడటం అదే మొదలు, ఎప్పుడూ పెన్సిల్‌తోనే రాసేవారు. బల్ల మీద పెట్టి, మళ్ళీ తీసుకుని, మళ్ళీ పెట్టాడు. 'పేరు?' అన్నాడు.

నువ్వు రాసిన వాటిలో వర్దే పేరే ఉంది. చెప్పాను.

కోప్పడకు. వర్దే కాదని నువ్వు ఖచ్చితంగా రాయలేదు. కాకపోతే కాదనేదానివి కదా అనుకున్నాను. ఆమెకి పిల్లలు లేరు, ఉద్యోగం లేదు, పార్టీ ఆమెని చేసేదేముంది? రెండు రోజులు ముఖం తిప్పుకుంటారు. జున్ను పక్క ఊళ్ళో అమ్ముకుంటుంది. ఇలా నాకు నేను చెప్పుకుంటున్నాను. పగలు బాగానే నమ్ముతున్నాను.

నెలాఖరులోగా ఉత్తర్వులు వస్తాయట. నీకే ముందు రాస్తున్నాను.

నఖ్లే


కఫర్ దౌరా
జూన్ 14

నఖ్లే,

పార్టీ ఆమెని చేసేదేముంది అన్నావు. చెబుతాను. జనరేటర్ లైను కోసేశారు. ఊళ్ళో జనరేటర్ ఎవరిదో నీకు తెలుసు, ఎద్గార్ బావమరిదిది. సర్కారు కరెంటు రోజుకి రెండు గంటలు కూడా రావడం లేదు. నాలుగు రోజుల్లో వర్దే ఫ్రిజ్‌లో జున్నంతా కుళ్ళిపోయింది. బాల్చీలతో మోసి లోయలో పారబోసింది. నేనూ మోశాను. దారిలో మనవాళ్ళే, రోజూ ఆమె దగ్గర జున్ను కొన్నవాళ్ళే, ముక్కు మూసుకుని పక్కకి తప్పుకున్నారు. చివరి బాల్చీ వంచుతూ వర్దే, 'టీచరమ్మా, నేను గద్దకే వేశానమ్మా. మన నఖ్లేకి ఉద్యోగం వస్తుందని నువ్వు చెప్పావని వేశాను' అంది.

నాకు అక్కడే భూమిలోకి పోవాలనిపించింది.

నీకు ఆలస్యంగా చెబుతున్నాను, అది నా తప్పు. ఆ తెల్ల కాగితం వేసింది నేను.

పొద్దున్న వెళ్ళి నా కార్డు చూపించి, ఎడమ బొటనవేలు సిరాలో ముంచి, నా ఓటు గద్దకే వేశాను. నీకోసం. నా ఓటు నాదే కదా, తమ్ముడికిచ్చుకున్నాను. సాయంత్రం అత్త కార్డు తీసుకుని, ఆమె నల్ల శాలువా కప్పుకుని మళ్ళీ వెళ్ళాను. మార్సెల్ కార్డు చూసి, 'జహియ్యా గారూ, ఒంట్లో ఎలా ఉంది?' అంది. 'మీ అమ్మమ్మ కంటే నయం' అన్నాను. వాళ్ళ అమ్మమ్మ పోయి ఆరేళ్ళు, గంట క్రితమే పక్క పెట్టెలో ఓటేసి వెళ్ళింది. మార్సెల్ గబగబా నా కుడి బొటనవేలు సిరాలో ముంచింది.

తెర వెనక్కి వెళ్ళాను. గద్ద బొమ్మ ఉంది, దివిటీ బొమ్మ ఉంది. పెన్ను పట్టుకున్నాను. నిజం చెబుతున్నా, గద్దకే వేద్దామని వెళ్ళాను రా. నీకు మాటిచ్చాను. కానీ చెయ్యి రాలేదు. అత్త నలభై ఏళ్ళు ఒక జవాబు కోసం కాచుకుంది. జవాబు రాకుండానే పోయింది. ఆమె పేరు మీద, జుర్జీని చంపారో లేదో చెప్పనివాళ్ళకి ముద్ర వేయడానికి నేనెవర్ని? కాగితం మడిచి పెట్టెలో వేసి వచ్చేశాను. ఇంటికొచ్చి చాలాసేపు ఏడ్చాను. అత్త కోసమా నీ కోసమా నాకే తెలియదు.

ఆదివారం పూజ అయ్యాక చర్చి వాకిట్లో అందరి ముందూ చెప్పేస్తాను. నీ అనుమతి అడగడం లేదు. ముందుగా చెబుతున్నాను, అంతే.

ఇన్సాఫ్


దైర్ సఫ్రా
జూన్ 17

అక్కా,

ఇది శనివారంలోగా నీకు చేరాలని బూ తన్నూస్ చేతిలో డబ్బులు పెట్టాను.

వద్దు. నీ కాళ్ళు పట్టుకుంటాను. వర్దేకి నేను జున్ను డబ్బులిస్తాను. ఎద్గార్‌తో మాట్లాడి లైను పెట్టిస్తాను. ఏదో ఒక పొరపాటు జరిగిందంటాను. నువ్వు నోరు విప్పితే నా ఉద్యోగమే కాదు, చచ్చినవాళ్ళ ఓట్ల సంగతి బయటికొస్తుంది. ఆ కాగితాలు ఏ ఆఫీసులో ఉంటాయి? ఎవరి చేతిలో ఉంటాయి? ఆలోచించావా?

అత్త పోయింది. నేను బతికున్నాను. ఆమెకి జవాబు వచ్చినా రాకపోయినా ఇప్పుడు ఒకటే. నాకు ఇద్దరు కూతుళ్ళు. పోయినామె మాట నీకు ముఖ్యమైంది, నా బతుకు కాలేదు. నువ్విలా చేస్తావని కలలో కూడా అనుకోలేదు.

నఖ్లే


కఫర్ దౌరా
జూన్ 27

తమ్ముడూ,

నీ ఉత్తరం శనివారమే అందింది. రెండుసార్లు చదివాను. ఆదివారం చెప్పాను.

నువ్వు రాసినదాంట్లో అబద్ధం ఏమీ లేదు. అందుకే చాలా బాధపడ్డాను. అయినా వర్దే ఆ బాల్చీ మోసే తీరు నా కళ్ళ ముందు నుంచి పోలేదు. నన్ను తిట్టు, కానీ ముందు జరిగింది విను.

చర్చి వాకిట్లో అందరి ముందూ చెప్పేశాను. ముందు ఎద్గార్, 'అయ్యో టీచరమ్మా, తెల్ల కాగితం సంగతి వదిలెయ్యండి, చచ్చినామె పేరెందుకెత్తారు అందర్లో!' అన్నాడు. దివిటీ పార్టీ నాయకుడు నజీబ్ అయితే ఎగిరి గంతేశాడు. 'కోర్టుకెళ్తాం! ఎన్నిక రద్దు చేయిస్తాం! విన్నారా జనమంతా, గద్దోళ్ళు సమాధుల్లోంచి ఓట్లేయిస్తున్నారు!' అని అరుస్తున్నాడు. మార్సెల్ పరిగెత్తుకొచ్చి ఆయన చెవిలో ఏదో చెప్పింది. వాళ్ళ అమ్మమ్మ ఆరోగ్యం గురించే అయ్యుంటుంది. ఆయన గొంతు అక్కడికక్కడే బొంగురుపోయింది.

మర్నాడు ఏం జరిగిందో చెబితే నువ్వు నమ్మవు. ఎద్గార్, నజీబ్ ఒకే కారులో మా ఇంటికొచ్చారు. ఒకే కారులో! వీధంతా మేడల మీదకెక్కి చూసింది. ముప్పై ఏళ్ళలో వాళ్ళిద్దరూ ఒక గుమ్మంలోంచి కలిసి రావడం ఇదే మొదలు. నేను చక్కెర లేని కాఫీ పెట్టాను, చావింట్లో ఇచ్చేది. ఇద్దరూ ఒకేసారి ముఖం చిట్లించారు, ఆ ఒక్క విషయంలో కూడా ఒకటే.

'అమ్మా, ఊరి పరువు' అన్నాడు నజీబ్.

'మన జనం ఐకమత్యం' అన్నాడు ఎద్గార్.

'జుర్జీని చంపిందెవరు?' అన్నాను.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇన్నాళ్ళూ ఎదుటివాడు పక్కన లేడు కాబట్టి వేలు చూపించేవాళ్ళు. ఇప్పుడు పక్కనే కూర్చున్నాడు. నజీబ్ కప్పు కింద పెట్టి, 'అదంతా పాత సంగతి కదమ్మా' అన్నాడు. ఎద్గార్ 'అవును, పాత గాయాలు రేపడమెందుకు' అన్నాడు. అత్తకి నలభై ఏళ్ళకి దొరికిన జవాబు ఇదీ.

వర్దే లైను ఆ సాయంత్రమే పెట్టారు. ఆమెకి క్షమాపణ మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఇక నీ సంగతి. నేను ఇంకెక్కడా మాట్లాడకుండా ఉంటే, పేపరు వాళ్ళకి గానీ పరిశీలకులకి గానీ ఏమీ చెప్పకుండా ఉంటే, నిన్ను పర్మనెంట్ చేస్తారట. రెండు పార్టీలూ కలిసి. ఎంపీ గారు సంతకం పెడతారు, ఓడిపోయినాయన సిఫారసు చేస్తాడు. 'ఇంత గట్టి ఉద్యోగం దేశంలో ఇంకెవరికీ ఉండదు టీచరమ్మా' అన్నాడు ఎద్గార్. అది నిజమే అనుకుంటాను.

వచ్చే వారం మంగళవారం జవాబుకి వస్తారు. వాళ్ళకి నేనింకా మాటివ్వలేదు. ఆ పెట్టె దగ్గర నీ తరఫున ఒకసారి, అత్త తరఫున ఒకసారి నేనే నిర్ణయించాను. చర్చి దగ్గర నీ మాట కాదని మళ్ళీ నేనే నిర్ణయించాను. ఈసారి నువ్వు చెప్పు. సరేనంటే నోరు మూసుకుంటాను, నిన్ను ఒక్క మాట అనను. సామియా మోకాలు నాకు తెలుసు. పిల్లల ఫీజులు తెలుసు. నాకు నువ్వు బాగుండాలి, అంతే రా.

అక్క


దైర్ సఫ్రా
జూలై 4

అక్కా,

మంగళవారం రాకముందే, ఈ సాయంత్రం వ్యాన్లోనే ఇది చేరుతుంది. వాళ్ళకి కాఫీ పెట్టక్కర్లేదు, రారు.

నీకు ఒకటి దాచాను. అత్త మరణ పత్రం నువ్విచ్చిన రోజే పుస్తకంలో రాయాలి. రాయలేదు. ఎద్గార్ వచ్చి, 'ఎన్నికల దాకా పక్కనుంచు' అన్నాడు. నా బల్ల అడుగు సొరుగులో పెట్టాను. ఆ సొరుగులో అత్త ఒక్కతే లేదు. జిల్లా మొత్తం మీద నలభై మూడు మంది ఉన్నారు. గద్ద వాళ్ళు తెచ్చినవి ఇరవై రెండు, దివిటీ వాళ్ళు తెచ్చినవి ఇరవై ఒకటి. అవును, దివిటీ వాళ్ళకి కూడా దాచిపెట్టాను. వాళ్ళు గెలిస్తే ఆ ఏడాది చీటీ వాళ్ళ దగ్గర్నుంచి రావాలి కదా. ప్రజాస్వామ్యంలో గుమాస్తా అందరివాడూ.

నీ ఉత్తరం వచ్చినప్పటి నుంచి ఆ 'సరే' అనే మాట రాయాలని కూర్చున్నాను. నాలుగు కాగితాలు చింపాను. సామియాకి చెప్పాను. అంతా విని, 'ఈ తెరలు వాపసు తీసుకుంటాడా వాడు?' అని అడిగింది. తెర అంచు సర్ది, 'వర్దే జున్ను మన పెళ్ళిలో వడ్డించాం' అంది.

ఈ రోజు పొద్దున్న ఎనిమిదింటికి సొరుగు తాళం తీశాను. ఒక్కొక్కరినీ పుస్తకంలో రాశాను. పేరు, ఊరు, పోయిన తేదీ. ఒకాయన తొమ్మిదేళ్ళ కింద పోయాడు, నాలుగు ఎన్నికల్లో ఓటేశాడు. మార్సెల్ అమ్మమ్మ కూడా ఉంది. మధ్యాహ్నం భోజనం వేళకి నలభై మూడు మందినీ పాతిపెట్టాను. పుస్తకంలో ఒకసారి ఎక్కితే జడ్జి ఉత్తర్వు లేకుండా ఎవరూ కొట్టేయలేరు. పందొమ్మిదేళ్ళలో ఆ రూలు నాకు నచ్చడం ఇదే మొదలు.

రెండింటికి ఎద్గార్ ఫోన్ చేశాడు. రెండుంపావుకి నజీబ్ చేశాడు. ఇద్దరూ ఒకే బూతు మాట తిట్టారు. జనవరి చీటీ రాదు, అంతవరకు ఉంచినా గొప్పే. భయంగా ఉందక్కా, అది నీ దగ్గర దాచను. రేపు పొద్దున్న నీ దగ్గరికి వస్తున్నాను. ముందు వర్దే ఇంటికి వెళ్ళాలి, నువ్వు తోడు రా. ఒక్కడినే ఆ గుమ్మం ఎక్కలేను.

అత్తని చివరకి ఉంచాను. ఆమె పేరు రాసేటప్పుడు, సమాచారం ఇచ్చిన వ్యక్తి అన్న గడిలో నా పేరు రాశాను. మృతురాలితో సంబంధం అన్న గడిలో మేనల్లుడు అని రాయాలి. కొడుకు అని రాశాను. ఇన్నాళ్ళూ రాయకుండా దాచిన తప్పులే గానీ, తెలిసి తప్పు రాయడం ఇదే మొదటిసారి. రిజిస్ట్రార్ గారు చదవకుండానే సంతకం పెట్టారు.

నఖ్లే